వేపపుల్ల కట్టిన డబ్బా

పోయిన ఆదివారం మా కోడలు వంటింట్లో డబ్బాలన్నీ మార్చేసింది. ఇల్లు ఎలా సర్దుకోవాలో ఫోన్‌లో ఎవరో చూపించారట. అది చూసి ఇరవైనాలుగు డబ్బాలు తెప్పించింది. అన్నీ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు, లోపలున్నది కనపడని పాలరంగు. ప్రతి మూత మీదా చిన్న కాగితం, కాగితం మీద అంతకన్నా చిన్న అక్షరాలు. నా పాత సీసాలూ డబ్బాలూ సంచిలో కట్టి, పాతసామాన్ల బండి వస్తే వేసెయ్యడానికి గుమ్మం దగ్గర పెట్టింది. ఇప్పుడు ఎంత నీట్‌గా ఉందో చూడండి అత్తయ్యా అంది. మూడు గంటలు నిలబడి సర్దింది పాపం, ముఖమంతా చెమట.

చూశాను. బాగుందమ్మా అన్నాను. మూతలు కనిపించాయి, కాగితాలూ కనిపించాయి. కాగితాల మీద ఏం రాసుందో మాత్రం చీమలు పాకినట్టే ఉంది తప్ప ఒక్క ముక్క తెలియలేదు. 

నెల క్రితం కూరగాయలకని చెప్పి, ఇక్కడే మా తెనాలి బజార్లో ఒక కంటి డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. నీటికాసులు అన్నాడాయన. పోయిన చూపు తిరిగి రాదమ్మా, మిగిలింది కాపాడుకోవాలి, రోజూ చుక్కలు వేసుకోవాలి, ఇంకొకరు తోడుంటే మంచిది అన్నాడు. మీ వైపు పెద్దవాళ్ళలో ఎవరికైనా ఉందా అని అడిగాడు. లేదండి అని నిక్షేపంగా అబద్ధమాడి, అరకిలో బెండకాయలు కొనుక్కుని ఆటో ఎక్కాను. చుక్కల సీసా బీరువాలో పట్టుచీర మడతలో దాక్కుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు, నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను.

ఆ మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక ఒక పాత నేతచీర అంచు తీసుకుని సన్నగా చింపడం మొదలుపెట్టాను. వేళ్ళు వాటంతట అవే ముళ్ళు వేసుకుపోతున్నాయి. బియ్యప్పిండికి ఒక ముడి. శనగపిండికి రెండు. అప్పుడు గుర్తొచ్చింది. ఈ లెక్క నాది కాదు, మా అమ్మమ్మది.

*

మా అమ్మమ్మది చెరుకుపల్లి పక్కన ఒక పల్లె. మేము బాపట్లలో ఉండేవాళ్ళం. నాన్న అక్కడ గుమస్తా. వేసవి సెలవులు ఇవ్వగానే నాన్న నన్ను రేపల్లె బస్సు ఎక్కించి, అమ్మమ్మ దగ్గర దింపి, భోజనం చేసి తిరుగు బస్సుకి వెళ్ళిపోయేవాడు. ఆ ఇంట్లో అమ్మమ్మ, మావయ్య, అత్తయ్య, వాళ్ళ మూడేళ్ళ కొడుకు ఉండేవాళ్ళు. ఆ పిల్లాణ్ణి అందరూ బుడ్డోడనే పిలిచేవాళ్ళు. తాతయ్య నేను పుట్టకముందే పోయాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మన అంత తెలివైనవాళ్ళు లేరనుకునే వయసు.

ఆ ఇంట్లో అడుగు పెడితే ముందు పేడతో అలికిన నేల వాసన, తర్వాత గాదెలోని వడ్ల వాసన, వంటింటి గుమ్మం దగ్గర కొత్తావకాయ వాసన. అమ్మమ్మ ఒళ్ళో దూరితే ముక్కుపొడుం వాసన. నడుం దగ్గర చిన్న రేకు డబ్బీలో ఎప్పుడూ పొడుం ఉండేది. పీల్చి పీల్చి ఆవిడ ముక్కు మొద్దుబారిపోయింది. పప్పు మాడుతున్నా మేం చెప్పాల్సిందే.

ఆ ఇంట్లో ఏ వస్తువుకీ ఒక్క జన్మతో సరిపోయేది కాదు. చీర చిరిగితే నాకు పరికిణీ, పరికిణీ చిరిగితే బొంతకి పైగుడ్డ, బొంత చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ. కొబ్బరికాయ కొడితే నీళ్ళు బుడ్డోడికి, కొబ్బరి పచ్చడికి, చిప్ప గరిటెకి, పీచు అంట్లు తోమడానికి. చింతపిక్కలు మా ఆటలకి. మా అమ్మ చేతిలో పడితే గాలి కూడా రెండుసార్లు పనికొస్తుంది అని మావయ్య వేళాకోళం చేసేవాడు. ఉపాయం లేనివాణ్ణి ఊళ్ళోంచి వెళ్ళగొట్టమన్నారు, ముందు నువ్వు మూట సర్దుకో అనేది అమ్మమ్మ.

వంటింట్లో గోడ పొడుగునా ఒక చెక్క బల్ల, దాని మీద డబ్బాలు. ఏ డబ్బా మీద ఏముందో అది మాత్రం లోపల ఉండేది కాదు. బిస్కట్ల డబ్బాలో మెంతులు, టీపొడి డబ్బాలో ఆవాలు, టానిక్కు సీసాలో వాము. అమ్మమ్మకి చదువు రాదు కాబట్టి ఆ బొమ్మలూ అక్షరాలూ ఆవిడకి అడ్డం కావు. ప్రతి డబ్బా మెడకీ ఒక గుడ్డపీలిక కట్టి ఉండేది. పీలికకి ముళ్ళు. బియ్యప్పిండికి ఒకటి, శనగపిండికి రెండు, ఉప్పుకి మూడు. కారానికి ముడి వేసి దాని మీద ఇంకో ముడి. చీరాల నేతచీరల అంచులు కదా, ఎరుపూ పసుపూ నీలం, చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. అవి అందానికే అనుకున్నాను నేను.

బల్ల మీద కాకుండా, పెరటి గుమ్మం పక్క గూట్లో విడిగా ఒక డబ్బా ఉండేది. బుడ్డోడి పాలపొడి అయిపోయాక మిగిలిన రెండు డబ్బాల్లో ఒకటి బియ్యప్పిండికి పోయింది, రెండోది ఇది. ఇందులో మావయ్య తెచ్చిన చీమల మందు. తెల్లటి పొడి. దాని పీలికకి ముళ్ళు లేవు, ఒక వేపపుల్ల కట్టి ఉండేది. వేపపుల్ల కట్టింది దేన్నీ ముట్టుకోకు, ముట్టుకుంటే చెయ్యి కడుక్కునేదాకా నోట్లో పెట్టుకోకు అని వచ్చిన మొదటి రోజే నాకు చెప్పేది. ప్రతి ఏడూ చెప్పేది.

సాయంత్రాలు మేమిద్దరం కాలవగట్టు మీదికి వెళ్ళేవాళ్ళం. నా వేలు పట్టుకుని నడిచేది. నేను తప్పిపోతానని పట్టుకుందనుకునేదాన్ని. అక్కడ ఒక ఆట ఉండేది మాకు. కళ్ళు మూసుకోవాలి, చేతిలో ఆకు పెడితే అదేంటో చెప్పాలి. నేను గబుక్కున నలిపి వాసన చూడబోతే చెయ్యి మీద చిన్న దెబ్బ వేసేది.

"ముక్కుతో ఎవరైనా చెబుతారే. వేళ్ళతో చెప్పు."

జామాకు వెనక ఈనెలు ఉబ్బెత్తుగా తగులుతాయి. నిమ్మాకు నున్నగా ఉండి కాడ దగ్గర ముల్లు ఉంటుంది. బొప్పాయి కాడ బోలుగా ఉంటుంది. ఎండిన వరిగడ్డికీ పచ్చగడ్డికీ కాలికింద చప్పుడు వేరు. దక్షిణపు గాలి పెదాలకి ఉప్పగా తగిలితే మర్నాడు వడియాలు ఎండవు. చీమల బారు కనిపిస్తే ఆపి, ఎటు పోతున్నాయో, ఏం మోస్తున్నాయో నన్ను చెప్పమనేది. చీమ ముట్టనిది మనమూ ముట్టకూడదే అనేది. ఇదంతా నాకు నేర్పడానికే అనుకున్నాను. తను కూడా అప్పుడే నేర్చుకుంటోందని ఎలా తెలుస్తుంది?

*

ఆ ఏడు నాకు బొమ్మల పిచ్చి పట్టింది. తాటాకులతో బొమ్మలు చేసి, వాటికి పెళ్ళి చెయ్యాలని కూర్చున్నాను. పెళ్ళికూతురికి చీర కావాలి, పందిరికి తోరణాలు కావాలి. గుడ్డముక్కలు అడిగితే అమ్మమ్మ మూటలోంచి వెలిసిపోయిన తెల్లగుడ్డ ఇచ్చింది. వెలిసిన గుడ్డతో పెళ్ళేంటి నా మొహం.

బల్ల మీద రంగురంగుల అంచులు ఊగుతున్నాయి.

అమ్మమ్మ అవతల వరండాలో కునుకు తీస్తోంది. ఒక్కొక్కటే విప్పుకున్నాను. ముళ్ళు పళ్ళతో లాగి ఊడదీశాను. గూట్లో డబ్బాకి ఉన్నది ఎర్ర అంచు, పెళ్ళికూతురి చీరకి అది సరిగ్గా సరిపోతుంది. వేపపుల్ల చూసి ఒక్క క్షణం ఆగాను. ఇదేంటో నాకు తెలుసుగా, గుర్తుపెట్టుకుంటాలే అనుకున్నాను. పుల్ల తీసి పెరట్లోకి విసిరేశాను. చేతులు మాత్రం బుద్ధిగా కడుక్కున్నాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. అప్పుడే బుడ్డోణ్ణి ఎత్తుకుని అత్తయ్య వచ్చింది. బల్ల దగ్గర ఏం చేస్తున్నావే అంది. తేలు కుట్టిన దొంగలా, సర్దుతున్నానత్తయ్యా అన్నాను. అత్తయ్య మెచ్చుకుంది. చేతికి అందొస్తున్నావే, ఆ డబ్బాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, కాస్త ఒక తీరుగా పెట్టు అని తన గదిలోకి వెళ్ళింది. అబద్ధం నిజం చెయ్యాలి కదా. బడిలో మమ్మల్ని ప్రార్థనకి నిలబెట్టినట్టు పొట్టివి ముందు, పొడుగువి వెనక పెట్టి మొత్తం బల్లంతా సర్దాను. గూట్లో డబ్బా ఒంటరిగా ఉంటే దాని జత పక్కన పెడితే బాగుంటుందనిపించింది. రెండు పాలపొడి డబ్బాలూ బల్ల మీదే పక్కపక్కన పెట్టాను. కుడివైపుది మందు అనుకున్నాను. తర్వాత దుమ్ము తుడవడానికి అన్నీ దింపి మళ్ళీ పెట్టాను.

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. బుడ్డోడు పెళ్ళికొడుకు కాలు కొరికేశాడు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మమ్మ చేగోడీలు చేస్తానంది. నా కోసమే. బుడ్డోడు తాంబేలులా నేల మీద బోర్లా పడుకుని ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాడు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. అందులో ఉప్పు, కారం, నానిన పెసరపప్పు వేసింది. వాటిని ముందే అత్తయ్య చిన్న గిన్నెల్లో తీసిపెట్టింది. ఇక పిండి కావాలి. అమ్మమ్మ లేచి బల్ల వైపు చెయ్యి చాపింది.

నేను కిటికీ అవతల, అరుగు మీద బొమ్మలతో ఉన్నాను. ఆవిడ చెయ్యి డబ్బా మెడ తడిమింది. పీలిక లేదు. పక్క డబ్బా తడిమింది. దానికీ లేదు. ఆ చివర నుంచి ఈ చివరికి ఒక్కో మూతనీ, ఒక్కో మెడనీ తడుముకుంటూ వచ్చింది. కళ్ళు మాత్రం బల్ల వైపు లేవు, ఎదురుగా గోడ వైపు ఉన్నాయి. అప్పుడు తెలిసింది నాకు. కాలవగట్టు మీద నా వేలు ఎందుకు పట్టుకునేదో, మొన్న నా పాయసంలో పడ్డ ఈగ ఆవిడకి ఎందుకు కనపడలేదో, అన్నీ ఒక్కసారి తెలిశాయి. అమ్మమ్మకి కళ్ళు కనపడవు.

దాంతోపాటే రెండోది కూడా తెలిసింది. కుడివైపుదా, ఎడమవైపుదా? తుడిచేటప్పుడు ఎటుది ఎటు పెట్టాను?

ఆవిడ పాలపొడి డబ్బా ఒకటి పట్టుకుని మూత తీసింది. చెయ్యి పెట్టి పొడి రెండు వేళ్ళతో నలిపి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పాపం, ఆ ముక్కుకి ఏం తెలుస్తుంది? ఒక్క క్షణం ఆలోచించి వేలు నాలుక మీద పెట్టుకుంది.

నేను అరవాలి. వద్దమ్మమ్మా అనాలి. రెండే మాటలు. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. ఇప్పటికీ నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. భయంతో గొంతు పట్టేసిందా, లేక పీలికలు తీసింది నేనేనని బయటపడుతుందని ఊరుకున్నానా? నిజం చెప్పాలంటే రెండూ ఉన్నాయి. తన్నులకి భయపడి అమ్మమ్మని చూస్తూ ఊరుకున్నాను.

ఆవిడ ముఖంలో ఏమీ మారలేదు. ఆ డబ్బా మూత నొక్కి పెట్టింది. గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. ఎంతసేపు ఉందో తెలియదు, నాకు మాత్రం ఒక పూట గడిచినట్టుంది. గోలెం దగ్గర నీళ్ళు పుక్కిలించిన చప్పుడు, దగ్గిన చప్పుడు వినిపించాయి. తిరిగొచ్చి రెండో డబ్బా తీసింది. అందులోదీ నాలుక మీద పెట్టుకుని చూసి, పిండి ఎసట్లో పోసి కలపడం మొదలుపెట్టింది.

నేను లోపలికి పాక్కుంటూ వెళ్ళి మొదటి డబ్బాలోంచి చిటికెడు తీసుకొచ్చాను. మామిడిచెట్టు మొదట్లో ఎర్రచీమల బారు ఉంది. ఆ బారుకి అడ్డంగా పోశాను. ముందొచ్చిన చీమ ఆగింది. వెనక్కి తిరిగింది. పొడి మీద కాలు పెట్టిన రెండు మూడు గిరగిరా తిరిగి వెల్లకిలా పడ్డాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అంటే అమ్మమ్మ మందు తింది. ఇక చచ్చిపోతుంది. నేనే చంపేశాను.

రెండో డబ్బాలోది పిండే కావచ్చు. కానీ అదే చేత్తో, అవే వేళ్ళతో కలిపింది కదా. చెయ్యి కడుక్కుందా లేదా నేను చూడలేదు. ఆవిడ చుట్టి పడేస్తున్న చేగోడీలు బాణలిలో ఎర్రగా వేగి, వరసగా పళ్ళెంలోకి వస్తున్నాయి. ఇల్లంతా కమ్మటి వాసన.  బుడ్డోడు లేచి కూర్చున్నాడు. అత్తయ్య పళ్ళెం తీసుకుని, ఊదుకుని తినరా అని వాడి ముందు పెట్టింది. వాడు ఒకటి తీసి వేలికి ఉంగరంలా తొడుక్కుని నవ్వాడు.

నేను పరిగెత్తి వెళ్ళి వాడి చేతిలోది లాగేశాను. పళ్ళెం ఎత్తి మొత్తం పెరట్లో కుడితి తొట్టెలో పోశాను. మళ్ళీ ఆ నీళ్ళు గేదె తాగుతుందని గుర్తొచ్చి తొట్టె కూడా ఒరగదోశాను.

బియ్యపు గింజ నేల మీద పడితే కళ్ళకద్దుకునే ఇల్లు అది. అత్తయ్య నా జుట్టు పట్టుకుని వీపు మీద నాలుగు వేసింది. బుడ్డోడు ఏడుపు, నేను ఏడుపు. ఎందుకు చేశావే, పిచ్చి పట్టిందా, నీకోసమేగా ముసలావిడ పొయ్యి దగ్గర మాడింది అని అత్తయ్య అడుగుతూనే ఉంది. నేను కుక్కిన పేనులా ఉండిపోయాను. చెబితే అమ్మమ్మ చచ్చిపోతుందని చెప్పాలి.

 అమ్మమ్మ గరిటె దింపి, కొంగుతో చేతులు తుడుచుకుని, దాన్ని వదిలేయమ్మా, ఎండ దెబ్బేమో అంది. నా చెయ్యి పట్టుకుని వడ్ల గాదె వెనక్కి తీసుకెళ్ళింది. అంటే నేనే తీసుకెళ్ళాను, వేలు నాది. అక్కడ కూర్చున్నాక నా ముఖమంతా తడిమింది. కన్నీళ్ళు తుడిచింది.

"పీలికలు ఎక్కడ పెట్టావే?"

చచ్చిపోతావా అమ్మమ్మా అని అడిగాను.

"ఆ చిటికెడుకేం పోతానే. ఉమ్మేశాను, కడుక్కున్నాను. పదిసార్లు కడుక్కున్నాకే పిండి ముట్టాను. బంగారం లాంటి చేగోడీలు గేదె పాలు కూడా కానీలేదు కదే నువ్వు."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడ పెదాలు తెల్లగా ఉన్నాయి, నుదుటి మీద చెమట పట్టింది. ఎప్పటి నుంచి అమ్మమ్మా అని అడిగాను. మూడేళ్ళ నుంచి తగ్గుతూ వచ్చిందంది. ముందు పక్కలు పోయాయి, ఇప్పుడు నడిమధ్య గవాక్షంలోంచి చూసినట్టు కాస్త వెలుగు తెలుస్తోందంది. ఎవరికీ ఎందుకు చెప్పలేదన్నాను.

"చెబితే నన్ను వంటింట్లోంచి లేపి మంచంలో కూర్చోబెడతారు. మంచంలో కూర్చున్నాక ఇక దేనికే నేను? మీ అత్తకి చెప్పకు."

మందు డబ్బాతో నేను చేసిన పని ఎవరికీ చెప్పకుండా ఆవిడ దాచింది. ఆవిడ కళ్ళ సంగతి నేను దాచాలి. ఎవరూ పైకి అనలేదు గానీ అదీ ఒప్పందం.

*

అప్పటికప్పుడు పెళ్ళికూతురి చీర విప్పేశాను. తోరణాలన్నీ తెంపి తెచ్చి, ఏ డబ్బాకి ఎన్ని ముళ్ళో ఆవిడ చెబుతుంటే మళ్ళీ కట్టాను. మందు డబ్బా గూట్లోకి పోయింది. దానికి ఒకటి కాదు, మూడు వేపపుల్లలు కట్టాను. అయినా నా భయం తీరలేదు.

మిగిలిన ఇరవై రోజులూ ఆ వంటింటి గుమ్మం దాటలేదు నేను. ముంజెలు తెచ్చారని పిలిచినా వెళ్ళలేదు. రేపల్లె నుంచి మావయ్య సైకిలు మీద ఐస్ తెస్తే, అది కరిగిపోతున్నా కదల్లేదు. అమ్మమ్మ చెయ్యి ఏ డబ్బా మీద పడితే ఆ డబ్బా వైపు చూసేదాన్ని. పొయ్యిలో పుల్ల జారితే నేనే తోసేదాన్ని. అన్నంలోకి ఏమొచ్చినా ముందు నా పళ్ళెంలోది నేను తిని, కాసేపు చూసి, అప్పుడు బుడ్డోడి ముద్ద నోట్లోకి పోనిచ్చేదాన్ని. తొమ్మిదేళ్ళ పిల్ల ఇంటిల్లిపాదికీ ముందు తిని చూడ్డమంటే మాటలు కాదు. ఎంత వంటపిచ్చి పట్టిందో అని అత్తయ్య మురిసిపోయింది. నేను చిక్కిపోయాను.

అన్నిటికన్నా పెద్ద భయం వేరే ఉంది. సెలవులు అయిపోతాయి. నేను వెళ్ళిపోతాను. అప్పుడు బల్ల దగ్గర ఎవరుంటారు?

నాన్న వచ్చిన రోజు అమ్మమ్మ రోడ్డు దాకా వచ్చింది. నా వేలు పట్టుకునే వచ్చింది. దూరంగా బస్సు హారన్ వినిపించింది. నాన్న సంచి పట్టుకుని ముందుకి వెళ్ళాడు. అమ్మమ్మ వంగి నా తల మీద చెయ్యి పెట్టింది.

"చెప్పవుగా?"

నేను తల ఊపాను.

బస్సు కదిలాక తట్టింది, నేను తల ఊపడం ఆవిడకి కనపడదని. నోటితో చెప్పలేదు కాబట్టి మాటిచ్చినట్టా, కాదా? బాపట్ల చేరేదాకా ఇదే ఆలోచన. వారం రోజులు అన్నం సయించలేదు. కళ్ళు మూసుకుంటే బుడ్డోడి వేలికి ఆ చేగోడీ ఉంగరం. ఎనిమిదో రోజు అమ్మ ఏదో పనిలో ఉండి బల్ల మీంచి పిండి డబ్బా అందుకోమంది. ఆ డబ్బా చేతిలోకి తీసుకుని భోరుమని ఏడ్చి, అంతా చెప్పేశాను.

అమ్మ ఆ సాయంత్రమే బయల్దేరింది. తెనాలిలో పెద్ద డాక్టరుకి చూపించారు. ఆలస్యమైంది అన్నాడట.

మరుసటి వేసవికి వెళ్ళేసరికి అమ్మమ్మ ముందుగదిలో మంచం మీద ఉంది. ఇల్లు శుభ్రంగా ఉంది. బల్ల మీద డబ్బాలకి అత్తయ్య గుండ్రటి అక్షరాలతో కాగితాలు అతికించింది. మందు డబ్బా కొట్టంలోకి పోయింది. ఎవరూ అమ్మమ్మని ఒక్క మాట అనలేదు, వేళకి అన్నం, వేళకి కాఫీ, అన్నీ చేతికి అందిస్తున్నారు. ఆవిడ మాత్రం ఊరికే కూర్చోలేక కొంగు చివర ముడి వేస్తోంది, విప్పుతోంది. ముడి వేస్తోంది, విప్పుతోంది. నేను దగ్గరికి వెళ్ళడానికి భయపడి గుమ్మంలోనే నిలబడ్డాను. అడుగుల చప్పుడు గుర్తుపట్టింది.

"ఇలా రా. ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు తల నిలువుగా ఊపావా, అడ్డంగా ఊపావా?"

 నిలువుగానే అమ్మమ్మా అన్నాను.

"చేతి కింద నాకూ అలాగే తగిలింది. అయితే మాట తప్పావన్నమాట." నన్ను దగ్గరికి లాక్కుంది. "తప్పి మంచిపని చేశావులే. పసివాడున్న ఇల్లు. నేనే చెప్పుండాల్సింది. నీ నెత్తిన పెట్టాను."

అంతకన్నా ఆవిడ నన్నేమీ అనలేదు. కాలవగట్టుకి మాత్రం మళ్ళీ మేం వెళ్ళలేదు. ఆ తర్వాతి వేసవికి ఆ మంచం కూడా లేదు. నన్ను కొట్టినా తిట్టినా ఆ భయం ఎప్పుడో పోయేది. తప్పి మంచిపని చేశావన్న మాట మాత్రం ఇన్నేళ్ళైనా నన్ను వదల్లేదు. ఎందుకంటే నేను ఆ వంటింటిని కాపాడాను, ఆ వంటింట్లోంచి ఆవిణ్ణి లేపేశాను. రెండూ ఒక్క ఏడుపుతోనే.

*

కొత్త డబ్బాలకి నేను పీలికలు కట్టడం పూర్తయ్యేసరికి వెనక ఎవరో నిలబడినట్టు అనిపించింది. తిరిగి చూస్తే మా మనవరాలు. ఎనిమిదేళ్ళది. ఎప్పటి నుంచి చూస్తోందో.

"నానమ్మా, ఇవేంటి?"

అలంకారానికే అన్నాను. అది నమ్మలేదు. దగ్గరికొచ్చి ఒక డబ్బా ముళ్ళు లెక్కపెట్టింది, పక్కదాని ముళ్ళు లెక్కపెట్టింది. తర్వాత డబ్బా మూత మీది కాగితం నా ముఖం ముందు పెట్టి, ఇదేంటో చదువు నానమ్మా అంది. నేను చదవలేదు. దాని కళ్ళు పెద్దవయ్యాయి. ఆ ముఖం నాకు తెలుసు. అరుగు మీద కిటికీ అవతల కూర్చున్న పిల్ల ముఖం అది.

మీ అమ్మకి చెప్పకు. ఈ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే వంటింట్లోంచి లేపేస్తారన్న భయం నాకూ ఉంది. అమ్మమ్మకి ఎంత ఉందో అంతే ఉంది. ఆ మాట అంటే ఈ పిల్ల తల ఊపుతుంది. రేపటి నుంచి నా చెయ్యి ఏ డబ్బా మీద పడితే అటు చూస్తుంది. ముందు తను తిని చూస్తుంది.

దాని చెయ్యి పట్టుకుని కోడలి గదిలోకి వెళ్ళాను. పీలికల సంగతి, డాక్టరు సంగతి, పట్టుచీర మడతలో చుక్కల సీసా సంగతి, అన్నీ దాని ఎదురుగానే చెప్పాను.  కోడలు తిడుతుందనుకున్నాను. ముందు కాసేపు ఏడ్చింది, తర్వాత తిట్టింది కూడా. నెల రోజులు ఎలా దాచారండీ అంది. బెండకాయలు కొనుక్కొచ్చి దాచానన్నాను.

చివరికి ముగ్గురం వంటింట్లోకి వచ్చాం. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇక మీరు కూర్చోండి అంటుందేమోనని చూస్తున్నాను. కోడలు బల్ల దగ్గరికి వెళ్ళి, ఒక డబ్బా అందుకుని, కళ్ళు మూసుకుని దాని మెడ తడిమింది.

"ఉప్పుకి ఎన్ని ముళ్ళండీ అత్తయ్యా?"

మూడు అన్నాను.